మంచు దిగే నెలల్లో పొలం కాపురం

చిరంజీవి బాబుకి పెద్దమ్మ దీవెనలు.

కార్తీకం వెళ్లాక కోడల్నీ, రెండు గేదెల్నీ తీసుకుని మందస పైనున్న పొలంలోనే ఉంటానన్నావు. ఉండొచ్చు. కాకపోతే ఊరికి దూరం, మధ్యలో గెడ్డ వాగు, వెనక కొండ. ఆ కాస్త చలికి గొంగళి సరిపోతుంది. ఇబ్బంది పెట్టేది మంచు తడి. కట్టెలు, గడ్డి, కళ్లంలో ధాన్యం, గేదెల వీపు అన్నీ తెల్లారేసరికి చెమ్మెక్కి ఉంటాయి. ధనుర్మాసంలో ఆరుంపావు దాటితే గానీ పొద్దు పొడవదు, సాయంత్రం అయిదుంపావుకే గుంకిపోతుంది. నేల ఆరేసరికి తొమ్మిదవుతుంది, నాలుగు దాటితే మళ్లీ చెమ్మ. ఆరాల్సిన పని ఏదైనా ఆ ఏడు గంటల్లోనే తెముల్చుకోవాలి. వంట, పాలు, కబుర్లు మిగతా పొద్దులో పెట్టుకో.

ముందు కట్టెలు. సరుగుడు మంచిది, చింత ఇంకా మంచిది, నిప్పు నిలుస్తుంది. పచ్చి కట్టె తెచ్చి పొయ్యిలో దూరిస్తే పొగే వస్తుంది, కోడలి కళ్లు పోతాయి. నీళ్లాడే కట్టెకి ముందు ఆ నీరు మరగాలి, వేడిలో కొంత దానికే సరి. మణికట్టు లావున చీల్చి, రాళ్ల మీద జానెడు ఎత్తు లేపి పేర్చు. పైన మాత్రం కప్పు, పక్కలు గాలికి వదిలెయ్. చుట్టూ టార్పాలిన్ చుట్టేస్తే లోపల బూజు పడుతుంది. రేపటి కట్టెలు ఈ రాత్రే పొయ్యి పక్కన పెట్టుకో. తీసేముందు కర్రతో రెండు దెబ్బలు కొట్టు, తేళ్లూ పాములూ చలికి ఆ సందుల్లోనే ముడుచుకుంటాయి. జీడిగింజల తొక్కలు బాగా మండుతున్నాయని ఇంట్లో పొయ్యిలో మాత్రం వెయ్యకు. ఆ నూనె పొగ కళ్లనీ ఒంటినీ మండించి పుండ్లు చేస్తుంది.

కుంపటి సంగతి వేరే చెప్పాలి. తలుపు బిగించుకుని గదిలో కుంపటి పెట్టుకుని పడుకోవద్దు. బొగ్గు సరిగా మండకపోతే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, రంగు ఉండదు. తలనొప్పి, వాంతి వచ్చినట్టు ఉండటం, మత్తు, ఆ పైన లేవలేకపోవడం. ఎర్రటి నిప్పు మీద బూడిద కప్పినా ఆ విషం వస్తూనే ఉంటుంది. గది వెచ్చబడ్డాక, పడుకునే ముందు కుంపటి బయటపెట్టి, రాత్రికి మందంగా గడ్డి పరిచి దాని మీద బొంత వేసుకో. నేల చలి ఒంటికి తగలదు.

ఇక ధాన్యం. ఇక్కడే అందరూ పొరపాటు చేస్తారు. కోసిన పనలు తడిగా ఉన్నప్పుడే కుప్ప వేస్తే లోపల వేడెక్కి గింజ రంగు మారుతుంది, ముక్కిన వాసన పడుతుంది. కుప్ప వేసిన రెండో రోజు మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టి చూడు. వెచ్చగా తగిలితే విప్పి ఆరబెట్టు, బద్ధకించకు. వెన్నులు లోపలికి, మొదళ్లు బయటికి పెట్టి, పైభాగం వాలుగా కట్టు, మంచు జారిపోవాలి.

నూర్చాక ఆరబోత రెండంగుళాల మందం దాటనివ్వకు. గంటకోసారి కాళ్లతో చాళ్లు తియ్యి. మధ్యాహ్నపు ఎండకి గింజ మరీ ఎండితే మిల్లులో నూక పడుతుంది, అప్పుడు కాస్త మందంగా దగ్గరకి లాగు. నాలుగింటికి కుప్ప చెయ్యి, కానీ వేడివేడిగా టార్పాలిన్ కప్పొద్దు. వెచ్చని ధాన్యం ఊపిరి వదులుతుంది, అది చల్లని టార్పాలిన్ అడుగున నీటి చుక్కలై మళ్లీ గింజల మీదే రాలుతుంది. అరగంట చల్లారనిచ్చి, పైన పొడి వరిగడ్డి ఒక పొర పరిచి, దాని మీద టార్పాలిన్ వెయ్యి. చుక్కల్ని గడ్డి పీల్చుకుంటుంది. పొద్దున్న తొమ్మిదికి తీసేటప్పుడు ఆ తడి గడ్డిని ముందు ఎత్తి అవతల పడెయ్, లేకపోతే రాత్రంతా చేసిన పని దండగ. ప్రభుత్వం కొనేచోట తేమ పదిహేడు శాతం దాటకూడదు. ఇంట్లో దాచుకునేది పద్నాలుగుకి రావాలి. తేమ మీటరు లేనప్పుడు గింజని పంటి కింద పెట్టి కొరుకు. కటుక్కున విరిగితే సరి, నలిగితే ఇంకో రెండెండలు కావాలి.

గేదెల సాలకి ఉత్తరం వైపు తాటాకు దడి కట్టు, గాలి అటే కొడుతుంది. చూరు కింద అడుగు ఖాళీ వదిలెయ్. అన్ని వైపులా మూసేస్తే మూత్రం ఘాటు లోపలే నిలిచి ఊపిరితిత్తులు చెడతాయి. పరీక్ష ఏంటంటే, పశువు పడుకునే ఎత్తులో ఒంగి కూర్చుని ఊపిరి తీసుకో. నీ కళ్లు మండితే దానికీ మండుతున్నట్టే. కింద నాలుగు వేళ్ల మందం గడ్డి వెయ్యి, తడిసిన చోట రోజూ మార్చు. రెండు గోనెలు కలిపి కుట్టి వీపున కప్పొచ్చు, కానీ పొద్దున్న తీసి ఎండలో వెయ్యాలి. తడి గోనె కప్పడం కంటే ఊరికే ఉంచడం మేలు. రాత్రి మేత కాస్త ఎక్కువ వరిగడ్డి వెయ్యి, అది అరిగేటప్పుడు పుట్టే వేడే పశువుకి కుంపటి. తాగడానికి తొట్టిలో రాత్రి నిలిచిన నీళ్లు కాదు, అప్పుడే తోడిన బావి నీళ్లు పెట్టు, వెచ్చగా ఉంటాయి. కడగడం ఎండలోనే.

మంచు ఆరకముందు మేతకి వదలకు. తడి గడ్డి కొసల మీదికి పురుగు పిల్లలు ఎక్కి ఉంటాయి, కడుపులోకి పోతాయి. వరి కోసిన మడిలో పెసరా మినుమూ లేతగా ఉన్నప్పుడు ఇంకా ప్రమాదం. ఆకలి మీద, మంచు మీద ఆ పైరు మేస్తే కడుపు ఉబ్బుతుంది. ఎడమ డొక్క డప్పులా బిగుసుకుంటే వెంటనే ముందుకాళ్లు ఎత్తు మీద ఉండేలా నిలబెట్టి పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ చెయ్యి. తలెత్తి పట్టుకుని నూనె పొయ్యమని పక్కవాళ్లు చెప్తారు, అది ఊపిరితిత్తుల్లోకి పోతే గేదె మిగలదు. పొలంలో సిగ్నలు ఎక్కడ దొరుకుతుందో మొదటి రోజే చూసిపెట్టుకో.

దూడ పుట్టిందంటే ముందు పొడి గోనెతో వెంట్రుకలు లేచేదాకా తుడు, బొడ్డుకి టింక్చర్ అయోడిన్ పెట్టు, గంటలోపు జున్నుపాలు తాగించు. దూడ బరువులో పదోవంతు, అంటే ముప్పై కిలోల దూడకి రోజుకి మూడు లీటర్లు, మూడు నాలుగు సార్లుగా. జున్ను వండుకోవాలన్న ఆశ ఆ తర్వాత.

ఉద్దానం ఎలుగుబంట్ల మాట నీకు తెలుసు. రేగుపళ్లు పండే రోజులివి, పొదల దగ్గర అవి ఉంటాయి. మంచులో నువ్వు దానికి కనపడవు, అది నీకు కనపడదు, దగ్గరపడ్డాకే ఇద్దరూ ఉలిక్కిపడతారు. పొద్దు పొడవకముందూ, గుంకాకా తోట దారిన ఒంటరిగా పోకు. తప్పకపోతే టార్చి పట్టుకో, గట్టిగా మాట్లాడుకుంటూ నడు.

కోడలికి రెండు మాటలు. చలికి పెరుగు తోడుకోదు. లీటరు పాలకి ఎండాకాలం ఒక చెంచా తోడు చాలు, ఇప్పుడు రెండు వెయ్యమను. వేలు పెడితే ఓర్చుకునే వేడిలో తోడుపెట్టి, గడ్డి నింపిన గంపలో గిన్నె దించి మూత వెయ్యాలి. చోడి (రాగి) అంబలికీ అదే తంటా. గ్లాసు చోడిపిండి మూడు గ్లాసుల నీళ్లలో సాయంత్రమే కలిపి, పొయ్యి ఆరాక వెచ్చని బూడిద పక్కన ఉంచాలి. పొద్దున్నకి పుల్లటి వాసన వచ్చి పైన చిన్న బుడగలు కనిపిస్తే పులిసినట్టు. గుప్పెడు నూకలు ఆరు గ్లాసుల నీళ్లలో ఉడికించి, ఆ పిండి పోస్తూ ఉండ కట్టకుండా తిప్పాలి. చల్లారాక మజ్జిగ. ఉల్లిపాయ నంజుకుంటే పనిలోకి పదకొండు దాకా ఆకలెయ్యదు.

టార్పాలిన్లు రెండు ఇప్పుడే కొను, కోతలు మొదలయ్యాక ధర పెరుగుతుంది. నీ ధాన్యం కుప్పకి ఒకటే సరిపోయినా రెండోది తీసుకో, తుపాను కబురొచ్చిన రోజు గడ్డిమేటుకి అక్కరకొస్తుంది.

ఇట్లు
పెద్దమ్మ