లడ్డు ఎదురుచూసేది ఎవరి కోసం?

ప్రశ్న: మేడమ్, నమస్తే. మాది తిరుపతి, బైరాగిపట్టెడ. నేనూ మా ఆయనా ఇద్దరం ఉద్యోగస్తులమే, పొద్దున తొమ్మిదికి తాళం వేస్తే మళ్ళీ తీసేది సాయంత్రం ఆరున్నరకే. మా అబ్బాయి తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు వానలో తడుస్తున్న పిల్లికూనని చొక్కాలో పెట్టుకుని తెచ్చాడు. దానికిప్పుడు నాలుగేళ్ళు, పేరు లడ్డు, ఆడపిల్లి, ఆపరేషన్ కూడా చేయించాం. ఈ ఏడాది వాడు ఇంజినీరింగ్‌కని వేలూరు హాస్టల్‌కి వెళ్ళాడు, ఇల్లు బోసిపోయింది. లడ్డు సాయంత్రమైతే గడప దగ్గరే కూర్చుంటుంది. వాడి స్కూటీ ఇప్పుడు మా ఆయన నడుపుతున్నారు, ఆ శబ్దం వినపడగానే తోక పైకెత్తి పరిగెత్తుతుంది, తీరా ఆయన్ని చూసి వెనక్కి తిరిగి మంచం కిందికి పోతుంది. రాత్రి మూడింటికి వాడి గదిలో నిలబడి అరుస్తుంది. పొట్ట దగ్గర నాకి నాకి వెంట్రుకలు పల్చబడ్డాయి. వాడున్నప్పుడు ఏవో ప్యాకెట్లు తెచ్చి పెట్టేవాడు, మా ఇంట్లో మాంసం వండం కాబట్టి నేను పాలన్నం, పెరుగన్నం పెడుతున్నాను, సగం వదిలేస్తోంది. మా ఆఫీసులో ఒకావిడ ఇంట్లో పిల్లి ఈనింది, రెండున్నర నెలల మగపిల్ల ఉంది, తోడుంటే లడ్డు బాగుపడుతుంది, ఆదివారంలోగా తీసుకెళ్ళమంటోంది. వాడు ఫోన్లో తెచ్చెయ్యమ్మా అంటున్నాడు, మా ఆయన రెండోది వద్దంటున్నారు. ఇల్లు బోసిపోయి నాకూ ఏమీ తోచడం లేదు. ఏం చేయమంటారు?
— ఓ తల్లి, తిరుపతి

జవాబు: అమ్మా, ముందు ఆ ఆదివారం సంగతి తేల్చేద్దాం. ఈ ఆదివారం తేవద్దు. ఆఫీసులో ఆవిడకి రేపే చెప్పేయండి, ఇంకెవరైనా తీసుకుంటారేమో చూసుకుంటుంది.

ఎందుకంటే జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. స్కూటీ శబ్దానికి పరిగెత్తి, దిగిన మనిషిని చూసి వెనక్కి పోయిందని రాశారే, ఆ ఒక్క ముక్క నేను నాలుగుసార్లు చదివాను. అది ఎదురుచూస్తోంది మీ అబ్బాయి కోసం. దానికి ఇంకో పిల్లి లేని లోటు ఉందని మీరు రాసినదాంట్లో ఎక్కడా కనపడలేదు నాకు.

మనం తోడు అనగానే మనుషుల లెక్కలో ఆలోచిస్తాం, లేదంటే కుక్కలు, మేకలు గుర్తొస్తాయి. పిల్లి తీరు వేరు. మన ఇళ్ళలోని పిల్లులన్నీ ఆఫ్రికా, పశ్చిమాసియా ప్రాంతాల అడవి పిల్లి సంతతి, అది ఒంటరిగా వేటాడే జంతువు, ఎందుకంటే ఒక ఎలుక ఒక పిల్లి ఆకలికే సరిపోతుంది, పంచుకోవడానికి ఏమీ మిగలదు. చేపల అంగళ్ళ దగ్గర గుంపుగా ఉంటాయి కదా అంటారేమో, ఆ గుంపులు ఎక్కువగా తల్లీ కూతుళ్ళూ అక్కచెల్లెళ్ళవి, తిండి దండిగా దొరికే చోట కలిసి ఉంటాయి, ఒకదాని పిల్లల్ని ఇంకొకటి చూసుకుంటాయి కూడా. కొత్త పిల్లి వస్తే మాత్రం తరుముతాయి. అలాగని పిల్లులకి స్నేహమే తెలీదని కాదు, చిన్నప్పటి నుంచీ కలిసి పెరిగినవి ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతాయి, తల నాకి శుభ్రం చేసుకుంటాయి. లడ్డు మాత్రం నాలుగేళ్ళు ఇంటికి ఒక్కత్తిగా పెరిగింది. వీధిలో గండుపిల్లి ప్రహరీ మీద నడిచిపోతున్నప్పుడు కిటికీలోంచి చూసి ఏం చేస్తుందో మీరు రాయలేదు, ఈసారి గమనించండి. తోక సీసాలు కడిగే బ్రష్‌లా ఉబ్బించి, గుర్రుమంటూ ఈ కిటికీకీ ఆ కిటికీకీ కాలుగాలిన పిల్లిలా తిరిగిందంటే ఇంకో పిల్లి దానికి సుఖం కాదు, బెడద.

ఇంకో మాట నన్ను గట్టిగా ఆపేసింది. పాలన్నం, పెరుగన్నం. అమ్మా, అబ్బాయి వెళ్ళిన రోజు నుంచి లడ్డుకి పోయింది అబ్బాయి ఒక్కడే కాదు, తిండి కూడా పోయింది. పిల్లి మాంసం తినే బతకాల్సిన జంతువు, మనలాగా కుక్కలాగా అన్నంతో సరిపెట్టుకోలేదు. టారిన్ అనే పదార్థం దాని ఒంట్లో చాలినంత తయారు కాదు, మాంసం నుంచే రావాలి, అది నెలల తరబడి అందకపోతే చూపు పోతుంది, గుండె కండరం బలహీనపడుతుంది. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి. మీరు ప్రేమగా పెట్టారు, తెలియక పెట్టారు, అందులో మీ తప్పేం లేదు, కానీ ఈ రోజే మార్చండి. వండక్కర్లేదు, మీ అబ్బాయి తెచ్చిన ప్యాకెట్ ఏదో వాణ్నే అడిగి అదే తెప్పించండి. ఇంట్లో మడి, ఆచారం ఉంటే గిన్నె వాడి గదిలో పెట్టి ఆ గిన్నెకి వేరే స్పాంజి పెట్టుకోండి, చాలా ఇళ్ళలో అలాగే చేస్తున్నారు. రాత్రి మూడింటి అరుపులో దిగులెంతో ఆకలెంతో అప్పుడు తెలుస్తుంది.

పొట్ట నాకడం కూడా దిగులు ఖాతాలో వేసేయకండి. పిడుదుల్లాంటి చిన్న పురుగులు పట్టినా, చర్మానికి ఏదైనా పడకపోయినా, మూత్రాశయంలో మంటగా ఉన్నా పిల్లి సరిగ్గా అక్కడే నాకుతుంది. మీరున్నది తిరుపతిలో, శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం మీ ఊళ్ళోనే ఉంది, అక్కడి పశువైద్య కళాశాల 1955 నుంచి నడుస్తోంది, ఎక్కడెక్కడి నుంచో అక్కడికి జంతువుల్ని తీసుకొస్తారు. మూత ఉన్న బుట్టలో మీ పాత చీర ఒకటి పరిచి, పైన తువ్వాలు కప్పి తీసుకెళ్ళండి, చీకటిగా ఉంటే భయపడదు. చర్మమూ మూత్రమూ రెండూ చూడమని నోరు తెరిచి అడగండి. ఒకవేళ రెండు రోజులు ఏమీ ముట్టకపోతే మాత్రం ఆగొద్దు, తిండి మానేసిన పిల్లికి, అందులోనూ కాస్త ఒళ్ళున్నదానికి, కొవ్వు చేరి కాలేయం దెబ్బతింటుంది.

ఇవి రెండూ సరిచేశాక ఒక్క నెల ఇలా చేసి చూడండి. సాయంత్రం ఇంటికి రాగానే మీ ఆయన, మీరు కాదు ఆయనే, లడ్డుకి గిన్నె పెట్టాలి. ఆ స్కూటీ శబ్దానికి ఒక మంచి అర్థం మళ్ళీ రావాలి కదా. రాత్రి పడుకోబోయే ముందు పది పదిహేను నిమిషాలు ఒక కర్రకి దారం, దారం చివర గుడ్డపీలిక కట్టి నేల మీద ఎలుకలా పారాడించండి, అది పొంచి, పిరుదులు ఊపి, దూకి, పట్టుకోవాలి, పట్టుకోనివ్వండి, ఎప్పుడూ అందకుండా లాగేస్తే విసుగొస్తుంది. ఆట అయిపోగానే రాత్రి తిండి. వేట, తిండి, నాకుడు, నిద్ర, పిల్లికి ఇది వరస, ఈ వరస కుదిరితే రాత్రి మూడింటి లేపుళ్ళు చాలావరకు తగ్గుతాయి. అరిచినప్పుడు మాత్రం లేచి తిండి పెట్టకండి, ఒక్కసారి పెట్టారంటే రేపు రెండున్నరకే పిలుస్తుంది. ఆట దారం బీరువాలో దాచేయండి, మింగితే పేగుల్లో చుట్టుకుని ప్రాణం మీదికొస్తుంది. పగటిపూట ఒక స్టూలు కిటికీకి ఆనించి పెట్టండి, పావురాలూ ఉడుతలూ కనపడేలా. అది ఎలాగూ రోజులో సగం పైగా నిద్రపోతుంది, మీరు ఆఫీసులో ఉన్నంతసేపూ ఏడుస్తూ కూర్చుంటుందని ఊహించుకుని బాధపడకండి. అబ్బాయి గది తలుపు మూయొద్దు. ఈసారి వాడు వచ్చినప్పుడు వేసుకున్న చొక్కా ఒకటి ఉతక్కుండా మంచం మీద వదిలేయమనండి.

నెల తర్వాత కూడా, ఒళ్ళు బాగుండి, తిండి తింటూ, ఆడుతూ, బయటి పిల్లుల్ని చూసి రగిలిపోకుండా ఉంటే, అప్పుడు రెండోదాని గురించి ఆలోచించండి. అప్పుడైనా ఎలా తెస్తారన్నది ముఖ్యం. నేను చేసిన తప్పు చెబుతాను. చిత్తూరులో ఉన్నప్పుడు మా ముసలి పిల్లికి తోడని ఒక కూనని తెచ్చి, బుట్ట మూత తీసి, సరాసరి హాల్లో దాని ముందు వదిలాను. ముసలిది చెవులు వెనక్కి అంటించి ఒకే ఒక్కసారి బుస్సుమంది, బీరువా ఎక్కింది. మూడు వారాలు అక్కడే. మేమంతా పడుకున్నాక దిగి నాలుగు ముద్దలు తిని మళ్ళీ ఎక్కేది. మడత పెట్టిన బట్టల మీద మూత్రం పోసేది, అంతకు ముందు తొమ్మిదేళ్ళలో ఒక్కనాడు అలా చేయలేదు. బీరువా మీద పాత పేపర్ల మధ్య ముడుచుకుని, కళ్ళు మాత్రం తలుపు వైపు పెట్టుకుని ఉన్న దాన్ని చూస్తే ఇప్పటికీ నాకు గుండె పిండినట్టుంటుంది. ఆ రెండూ చివరి దాకా స్నేహితులు కాలేదు, ఒకటి ఈ గదిలో, ఒకటి ఆ గదిలో బతికాయి.

కాబట్టి కూనని తెచ్చేముందు డాక్టరుకి చూపించి, పురుగుల మందు, టీకాలు మొదలుపెట్టించండి. పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ జబ్బు ఒక్క కూనతో ఇంట్లోకి వస్తే నేల మీద నెలల తరబడి బతికి ఉంటుంది, లడ్డు టీకాలు ఏ ఏడాదివో ఆ చీటీ కూడా తీసి చూడండి. రెండు వారాలు కూనని వేరే గదిలో ఉంచాలి. ఆ గది మీ అబ్బాయిది మాత్రం కాకూడదు, లడ్డుకి వాడి వాసన మిగిలిన చోటు అదొక్కటే, దాన్ని కొత్తదానికి ఇచ్చేస్తే మొదటి రోజే పగ మొదలవుతుంది. ఒకదాని తువ్వాలు ఇంకోదాని దగ్గర పరచండి. మూసిన తలుపుకి అటూ ఇటూ గిన్నెలు పెట్టండి, మొదట దూరంగా, రోజురోజుకీ దగ్గరగా. దోమల మెష్ తలుపు ఉంటే అదే పెద్ద వరం, మెష్ మధ్యలో ఉంచి చూసుకోనివ్వండి. ప్రశాంతంగా తింటుంటేనే తలుపు తీయడం, అదీ పది నిమిషాలు, మీరు పక్కనే ఉండి. దీనికి వారాలు పట్టొచ్చు, నెలలు కూడా. ఇసుక ట్రేలు మూడు కావాలి, పిల్లులెన్నో అంతకి ఒకటి ఎక్కువ, మూడూ ఒకే మూల పెట్టకండి. మగపిల్ల కాబట్టి ఆరో నెలలోగా ఆపరేషన్ చేయించేయాలి.

మీ ఆయన వద్దనడాన్ని మొండితనం అనుకోకండి. ఇంటి పిల్లి పదిహేనేళ్ళు బతకొచ్చు. మూడు నెలలు చూసి కుదరకపోతే కూన ఎక్కడికి పోతుందో తేవడానికి ముందే ఇద్దరూ కూర్చుని అనుకోవాలి, వీధి అన్నది జవాబు కాకూడదు.

చివరగా ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఇల్లు బోసిపోయింది అని ఒకే ఉత్తరంలో రెండుసార్లు రాశారు. ఆ కూన మీకే కావాలనిపిస్తోందా? అయితే అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, పద్దెనిమిదేళ్ళు పెంచిన పిల్లాడు గుమ్మం దాటితే ఏ తల్లికైనా అలాగే ఉంటుంది. కానీ అప్పుడు లడ్డు కోసం అని చెప్పుకోకండి, నాకోసం అని మీ ఆయనతో చెప్పండి. అప్పుడు లడ్డుకి అది ఎంత కష్టమో కూడా సూటిగా లెక్క వేసుకోగలుగుతారు.

ప్రశ్న: చిత్తూరు గ్రీమ్స్‌పేట నుంచి రాస్తున్నాను మేడమ్. మా రెండేళ్ళ మగపిల్లికి తోడుగా పది రోజుల కింద ఏడాది వయసు మగపిల్లిని తెచ్చాం. రోజూ కొట్టుకుంటున్నాయి. కొట్టుకుని కొట్టుకుని అవే సర్దుకుంటాయి, మధ్యలో పోవద్దని మా మామగారు అంటున్నారు. నిజమేనా?

జవాబు: ఈ విషయంలో మామగారి మాట వినకండి. ప్రతి కొట్లాటా పిల్లులకి గుర్తుండిపోతుంది, పగ పెరుగుతుందే గానీ తగ్గదు. చప్పుడు లేకుండా దొర్లుతూ, ఒకసారి ఇది కింద ఒకసారి అది కింద పడుతూ, వదిలేశాక పక్కపక్కనే పడుకుంటే అది ఆట. అరుపులు, వెనక్కి అంటుకున్న చెవులు, ఊడిన వెంట్రుకల కుచ్చులు, ఒకటి ఎప్పుడూ మంచం కిందే ఉండడం, ఇవి ఆట కాదు. ఈ రోజే వేరు వేరు గదుల్లో పెట్టి, పైన చెప్పినట్టు తువ్వాలు దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టండి. ఆపరేషన్లు కాకపోతే రెండింటికీ చేయించండి, లేకుంటే ఈ గొడవ ఆగదు. విడదీసేటప్పుడు చెయ్యి పెట్టకండి, మధ్యలో దిండో అట్టముక్కో దూర్చండి. కరిచినా, గోళ్ళతో రక్కి రక్తం వచ్చినా పదిహేను నిమిషాలు సబ్బుతో, పారే నీళ్ళ కింద కడిగి, ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి రేబిస్ ఇంజెక్షన్ గురించి అడగండి, పెంపుడుదే కదా అని ఊరుకోవద్దు.

ఇంకొకటి, మగపిల్లులున్న ఇల్లు కాబట్టి చెబుతున్నాను. ఈ టెన్షన్‌లో మగపిల్లులకి మూత్రం బిగుసుకుపోవచ్చు. ట్రేలో పదే పదే కూర్చుని ముక్కుతూ, చుక్క కూడా రాకపోతే మలబద్ధకం అనుకుని నూనె తాగించకండి, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. అర్ధరాత్రి అయినా సరే, తెల్లారే దాకా ఆగొద్దు.