గుణుపురం వెళ్ళే మేనకోడలికి

చిరంజీవి అమ్మడికి మావయ్య ఆశీస్సులు.

నీకు ఒడిశాలోని గుణుపురంలో జె.ఇ. (జూనియర్ ఇంజనీరు) పోస్టింగు వచ్చిందనీ, కొత్త కట్టడాలు కాకుండా పాత సర్కారు బిల్డింగుల రిపేర్లు అప్పగించారనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మీ అత్త అప్పటికప్పుడు వీధిలో అందరికీ మిఠాయి పంచేసింది. నేను మాత్రం రేకుల కప్పుల గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. నువ్వు నిచ్చెన కనిపిస్తే ఆగే పిల్లవి కావు మరి.

అందుకని మిగతావన్నీ తర్వాత, ముందు ఇది చదువు. పాత స్కూళ్ళకీ గోడౌన్లకీ ఆస్బెస్టాస్ రేకులే ఉంటాయి. ఏళ్ళ తరబడి ఎండకీ వానకీ పెళుసెక్కి ఉంటాయి గానీ, కింద నుంచి చూస్తే గట్టిగానే కనబడతాయి. విరిగే ముందు వంగవు, చప్పుడు చెయ్యవు. బోల్టుల వరస మీద నడిస్తే ఏమీ కాదని మేస్త్రీలు అంటారు. నమ్మకు. ఆ వరస కింద పర్లిన్ (రేకుల్ని మోసే అడ్డదూలం) ఉన్న మాట నిజమే, కానీ పాకుడు మీద కాలు జానెడు జారితే పర్లిన్ పక్కన ఉంటుంది, మనిషి కింద ఉంటాడు. కనీసం రెండు పర్లిన్ల మీద ఆనేంత పొడుగు పలకలు వేయించి, అవి జారకుండా కట్టించు. భుజాలకీ తొడలకీ తొడిగే హార్నెస్ తాడు ట్రస్సుకి (కప్పంతటినీ మోసే చట్రానికి) ఉండాలి, రేకు బోల్టుకి కాదు. అసలు చాలాసార్లు నువ్వు పైకి ఎక్కనక్కర్లేదు. మిట్టమధ్యాహ్నం తలుపులూ కిటికీలూ మూసి లోపల నిలబడి పైకి చూడు, కారే చోట్లన్నీ వెలుతురు చుక్కలై కనబడతాయి. సుద్దతో నేల మీద గుర్తు పెట్టుకో.

కొత్త రేకు బిగించేటప్పుడు బెజ్జం మెట్ట మీద ఉండాలి, పల్లంలో కాదు. పల్లంలో వేస్తే ఆ బెజ్జంలోంచే కారుతుంది. రేకుని పర్లిన్‌కి పట్టి ఉంచే జె-హుక్కుకి తారు వాషరు ఉందో లేదో చూడు. మరీ బిగిస్తే రేకు బీట పడుతుంది. గాలివాన కప్పుని కిందకి నొక్కదు, పైకి పీకుతుంది. చూరు అంచులూ మూలలూ నడికొప్పూ ముందు లేస్తాయి కాబట్టి అక్కడ హుక్కులు దగ్గర దగ్గరగా ఉండాలి. ఫైలిన్ తుఫాను 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర దాటింది, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర దాటింది. రెండూ దసరా నవరాత్రుల్లోనే. అంచుల హుక్కులు సెప్టెంబరులోనే చూసుకో. పాత రేకుని మిషనుతో కోయనివ్వకు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో ఉండిపోతుంది. నీళ్ళు చల్లి, ముక్కలు చెయ్యకుండా నిండు రేకుగానే దింపించు.

సరే, కప్పు దిగి గోడ దగ్గరకి రా.

నీ చేతికి వచ్చేవాటిలో కొన్ని 1936లో ఒడిశా ఏర్పడక ముందువి, ఆ తాలూకా ఇంకా మద్రాసు రాజధానిలో ఉన్నప్పటివి ఉంటాయి. అడుగున్నర మందం ఇటుక గోడ, సున్నం మాలు (ఇటుకల్ని అతికే ముద్ద), సున్నం పూత. వీటికి మన శాఖలవాళ్ళు తరతరాలుగా చేస్తున్న తప్పు ఒక్కటే. అడుగున పూత రాలితే చాలు, ఎస్టిమేటులో 'సిమెంటు ప్లాస్టరింగు 1:4, 12 ఎం.ఎం.' అని, అంటే ఒక పాలు సిమెంటుకి నాలుగు పాళ్ళు ఇసక అని రాసేస్తారు. బిల్లు పాసవుతుంది, ఫోటో బాగుంటుంది, గోడ మాత్రం లోపల నుంచి తినేసుకుంటుంది. ఎందుకో చెప్తాను, బుర్రలో పెట్టుకో.

ఆ కాలం పునాదుల్లో చాలావాటికి డి.పి.సి. పొర (నేల తడి గోడలోకి ఎక్కకుండా అడ్డేది) ఉండదు. నేలలో తడి ఇటుక సన్న రంధ్రాల గుండా పైకి పాకుతుంది. సున్నం పూత దాన్ని ఆపదు, వచ్చిన తడిని వచ్చినట్టే గాలికి వదిలేస్తుంది. ఆ క్రమంలో పూత పొడిపొడిగా రాలుతుంది. రాలనీ, అది ఉన్నదే అందుకు. ఇటుక బతుకుతుంది. దాని మీద సిమెంటు పూయడమంటే చెమట పట్టినవాడికి రెయిన్‌కోటు తొడగడమే. తడి బయటికి రాలేక పైకి ఎక్కుతుంది. రెండడుగుల దగ్గర ఆగిన నెమ్ము కిటికీ గడప దాకా వస్తుంది. దాంతో వచ్చిన ఉప్పు పూత వెనక గడ్డకట్టి ఉబ్బుతుంది. సిమెంటు ఆ పాత ఇటుక కంటే గట్టిది కాబట్టి ఊడేటప్పుడు ఇటుక మొహాన్ని కూడా పట్టుకుని ఊడుతుంది. అప్పుడింకో జె.ఇ. గారొచ్చి, ఇంకాస్త ఎత్తు దాకా 1:3 రాస్తారు! అడుగున ఆయిల్ పెయింటు పట్టీ వేసినా, పింగాణీ టైల్స్ అతికించినా జరిగేది ఇదే.

కాబట్టి ముందు నీళ్ళెక్కడివో చూడు. రోడ్డు మీద రోడ్డు వేసీ వేసీ ఆవరణ నేల గది నేల కంటే ఎత్తయి ఉంటుంది. గోడ చుట్టూ మట్టి తీయించి, లోపలి నేల కంటే కనీసం అరడుగు కిందకి దింపి, బయటికి వాలు ఇవ్వు. వాననీటి గొట్టం పునాది దగ్గరే విరిగి ఉందా, గోడవతల కుళాయి కారుతోందా చూడు. ఇవి సరి చెయ్యకుండా తాపీ పట్టనివ్వకు.

తర్వాత సిమెంటు పూత తీయించు, తడి మరకకి పైన ఇంకో అడుగున్నర దాకా. బ్రేకరు వద్దు. చిన్న ఉలి, సుత్తి, ఉలి ఏటవాలుగా. ఇటుక ముక్కలు వెంట వస్తుంటే ఆపించి, ఆ చోట వదిలేయించు. కార్తీకంలో విప్పితే మాఘం దాకా గోడని అలాగే వదిలేయాలి. అంగుళం మందానికి నెల ఆరుదల అని పాత లెక్క. దాని ప్రకారం అడుగున్నర గోడకి ఈ గడువు కూడా చాలదు, అయినా ఎండలు ముదిరేలోగా పూత అయిపోవాలి గనక ఇంతకంటే ఆగలేం. ఈలోగా మార్చి 31కి బిల్లు పెట్టాలని నీ మీద పడతారు. వినకు. బయటికొచ్చే తెల్లటి ఉప్పుని పొడి బ్రష్షుతో దులిపించి, ఎత్తి అవతల పారేయించు. కూలీలు శుభ్రంగా ఉంటుందని నీళ్ళు కొట్టి కడుగుతారు. కడిగితే అది కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది.

పూతకి బట్టీలో కాల్చిన సున్నపురాయి తెచ్చి నానబెట్టించు. ఇక్కడ నాకు ఇంకో భయం. నీళ్ళ తొట్టిలో రాళ్ళు కొద్దికొద్దిగా వేయాలి, రాళ్ళ మీద నీళ్ళు పోయకూడదు. కుతకుతలాడి మొహాన చిమ్మితే కళ్ళు పోతాయి. కళ్ళద్దాలూ రబ్బరు తొడుగులూ లేనివాళ్ళని తొట్టి దగ్గరకి రానివ్వకు, నువ్వూ వెళ్ళకు. ఆ సున్నాన్ని జల్లెడ పట్టి, పైన నీళ్ళు నిలిపి కనీసం మూడు వారాలు ఊరనివ్వాలి. నానని పలుకు మిగిలిపోతే, పూశాక గోడలో ఉబ్బి చిన్న చిన్న గుంటలు లేస్తాయి.

ఊరిన సున్నం ఒక పాలు, కడిగిన ఇసక రెండున్నర పాళ్ళు. నెమ్ము గోడకి ఇసకలో కొంత తగ్గించి, మరీ మాడని ఇటుక పొడి కలిపించు. పాత మేస్త్రీలు కరక్కాయ, బెల్లం నానిన నీళ్ళు పోసేవారు. ఆ చెయ్యి తెలిసినవాడు దొరికితే పోయనీ, దొరక్కపోతే నువ్వు కొలతలు కనిపెట్టకు. గోడ తడిపి పూయాలి, ఒక పూత 10 ఎం.ఎం. దాటకూడదు. సున్నం గాలిలో బొగ్గుపులుసు వాయువు పీల్చుకుని గట్టిపడుతుంది, అందుకు కాస్త తడి ఉండాలి. ఎదురుగా తడి గోనెలు వేలాడదీసి, వారం పైన ఆగి, అప్పుడు రెండో పూత. అడుగున నేలని తాకకుండా అంగుళం ఎడం. మీద పల్చటి వెల్ల, మూడు చేతులు. ఎమల్షన్ వద్దు, దుకాణంవాడు ఎంత చెప్పినా.

రేట్ల పట్టికలో దీనికి తగిన ఐటం లేదంటారు. కూలీ, సామాను విడివిడిగా లెక్క కట్టి రేటు విశ్లేషణ రాసి పైకి పంపు. తిడతారు, తిట్టనీ.

ఇక శ్లాబు బిల్డింగులు. సీలింగు నుంచి పెచ్చు ఊడిందని ఏ హెడ్‌మాస్టరు గారు చెప్పినా, ముందు ఆ గది పిల్లల్ని ఖాళీ చేయించు, ఆనక ఎస్టిమేటు. పొడుగు కర్రతో తట్టి, డొల్ల శబ్దం వచ్చినంత మేరా గీత గీయి. ప్రాపులు (శ్లాబుని కింద నుంచి మోసే ఊతకర్రలు) పెట్టకుండా ఒక్క దెబ్బ కొట్టనివ్వకు. చువ్వకి అడుగు వైపు మాత్రం చెక్కి మాలు కొడితే రెండు వానలకి ఊడుతుంది. చువ్వ వెనక కూడా 20 ఎం.ఎం. ఖాళీ రావాలి, తుప్పు పోయి లోహం మెరవాలి. చువ్వ అడ్డకోత వైశాల్యంలో పావు వంతు తుప్పు తినేసి ఉంటే పక్కన కొత్తది జత చెయ్యాలి, 8 ఎం.ఎం. చువ్వకి రెండు వైపులా కనీసం 400 ఎం.ఎం. అతుకు. ఆపైన తుప్పు ఆపే పూత, పాలిమర్ మాలు, అది ఆరిపోకుండా తడి. పైన నీళ్ళు దిగే దారి మూయకుండా కింద ఇదంతా చేస్తే దండగ.

డాబా నీటి గొట్టాల జాలీలు జూన్‌కి ముందు ఒకసారి, వానల మధ్య ఒకసారి తీసి చూడు. పిట్టగోడ మీద రావి మొక్కని కోసి వదిలేస్తే మళ్ళీ వస్తుంది, వేరు దాకా ఇటుకలు విప్పించు.

బీట కనబడితే వెంటనే పూడ్చకు. దానికి అడ్డంగా సన్నటి గాజు ముక్క రెండు కొసలా అతికించి తారీఖు రాయి. గాజు పగిలితే బీట ఇంకా కదులుతోందన్న మాట, పునాది చూడాలి. శ్లాబు కింద గోడ పొడుగునా అడ్డంగా పోయే బీట మాత్రం చాలాసార్లు ఎండకి శ్లాబు సాగడం వల్ల వచ్చేది.

ఎం.బి. (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) సంగతి. తుడిచిన చువ్వలూ, విప్పిన గోడా మూసేయక ముందే కొలిచి రాసుకో, ఫోటో తీసుకో. మూసేశాక కాంట్రాక్టరు చెప్పిందే కొలత. మేస్త్రీని, వయసులో చిన్నవాడైనా, గారూ అని పిలువు. సవర కూలీలు ఒడియాలో చెప్పింది అర్థం కాకపోయినా తల ఊపుతారు, చేసి చూపించమను.

వెళ్ళిన వారంలో ఏదో ఒక పాత గోడ ఫోటో పంపు. అడుగున రెండు గజాల ఎత్తూ, బయటి నేలా రెండూ కనబడేలా తీయి. బాటా బూట్లు కాదు, అడుగున ఇనుప రేకున్న బూట్లు కొనుక్కో, డబ్బు మీ అత్త పంపుతుంది.

మీ మావయ్య
పర్లాకిమిడి