ఇన్వెస్ట్‌మెంట్ కాస్టింగ్ స్లర్రీ రెండు వారాలకే జెల్ అవుతోందన్న ప్రశ్నకు సమాధానం

ఇన్వెస్ట్‌మెంట్ కాస్టింగ్‌లో మైనపు నమూనాలను స్లర్రీ అనే చిక్కటి ద్రవంలో ముంచి, వాటి చుట్టూ షెల్ అనే పింగాణీ అచ్చును కడతారు. ఆ స్లర్రీలో పొడిని పట్టి ఉంచే బైండర్ కొలాయిడల్ సిలికా, అంటే నీటిలో తేలే అతి సన్నని సిలికా రేణువులు. మీ ట్యాంకులోని కొలాయిడల్ సిలికా స్లర్రీ రెండు వారాలకే జిగటగా మారడానికి కారణం, చాలావరకు, ఆవిరైన నీటి స్థానంలో మీరు పోస్తున్నామని రాసిన బోరు నీరే. సిలికా రేణువులు రుణావేశం వల్ల ఒకదానినొకటి నెట్టుకుంటూ విడివిడిగా ఉంటాయి. బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం ఆ వికర్షణను తగ్గించగానే అవి అతుక్కుని జెల్ అవుతాయి, ఆ జెల్ మళ్లీ ద్రవంగా మారదు.

1. ఇకపై డీఅయనైజ్డ్ నీటినే (కరిగిన లవణాలు తీసేసిన నీటినే), మిక్సర్ తిరుగుతుండగా, కొద్దికొద్దిగా పోయండి.

2. పీహెచ్ రోజూ చూడండి. సోడియంతో స్థిరీకరించిన, 30 శాతం సిలికా ఉన్న రకమైతే అది 9 కంటే దిగకూడదు.

3. ఎక్కువమంది వదిలేసేది కింద చెప్పే ఓవెన్ పరీక్షనే. ఫ్లో కప్పు (అడుగు రంధ్రంలోంచి స్లర్రీ కారే సమయాన్ని బట్టి చిక్కదనం చెప్పే కప్పు) సెకన్లు సరిగ్గా ఉన్నాయని ఊరుకోకండి, ఎందుకంటే నీరు కలిపితే ఆ అంకె ఎలాగూ దారికొస్తుంది గాని, లోపల బైండర్ పాడవుతూనే ఉంటుంది. కొంత స్లర్రీని సెంట్రిఫ్యూజ్‌లో (వేగంగా తిప్పి బరువైన పొడిని అడుగుకు చేర్చే యంత్రంలో) తిప్పి, పైకి తేరిన ద్రవాన్ని గాజు సీసాలో పోసి, మూత బిగించి, 60 డిగ్రీల ఓవెన్‌లో ఒక రోజు ఉంచండి. సీసా వంచినప్పుడు అది కదలకపోతే ఆ స్లర్రీని తీసేయండి. పగిలిన షెల్స్‌తో పోలిస్తే ఆ నష్టం తక్కువే.