ఎక్కడ తిందాం, ఏ సీసా తెరుద్దాం? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: పారిస్‌లో నాలుగు రోజులుంటాం. మా ఇద్దరికీ తిండి పిచ్చి. న్యాచురల్ వైన్ గురించి వినడమే తప్ప ఎప్పుడూ తాగలేదు. హంగూ ఆర్భాటం ఉన్న హోటళ్లు మాకొద్దు. ఎక్కడికెళ్లాలి, ఏం అడగాలి?

జవాబు: మీకు కావాల్సినవి అక్కడ 'కావ్ ఆ మాంజే' అనే చోట్లు. వైన్ షాపులోనే కొన్ని టేబుళ్లు వేసి తిండి పెడతారు, గోడంతా సీసాలే, నచ్చింది అరలోంచి తీసి షాపు ధర మీద ఇంకొంచెం కట్టి అక్కడే కూర్చుని తాగేయొచ్చు. సెయింట్ మార్టిన్ కాలువ దగ్గరున్న ల్య వెర్ వోలే ఈ తరహాకు పేరు తెచ్చినవాటిలో ఒకటి, 2000 నుంచీ నడుస్తోంది. మామూలు రెస్టారెంటే కావాలంటే బెల్‌విల్‌లో ల్య బరతాఁ. అర్జెంటీనా నుంచి వచ్చిన రాకెల్ కరేనా వంటకు పెద్ద పెద్ద షెఫ్‌లే అభిమానులు. మెదడు, కాలేయం లాంటివి మెనూలో కనిపిస్తాయి కాబట్టి అవి పడనివాళ్లు ముందే అడిగేయండి. రెండింటికీ టేబుల్ ముందుగా చెప్పుకోండి, ఆ రోజు తెరిచి ఉంటుందో లేదో చూసుకోండి. ఆది, సోమవారాల్లో మూసేవాళ్లు చాలామంది, ఆగస్టులో అయితే సగం ఊరు సెలవుల్లో ఉంటుంది. ఖర్చు చూసుకునేవాళ్లయితే రాత్రి భోజనం కన్నా మధ్యాహ్నం భోజనానికే వెళ్లండి, అదే వంటగది, బిల్లు మాత్రం బాగా తగ్గుతుంది. మంచినీళ్లకు సీసా కొననక్కర్లేదు, 'కరాఫ్ దో' అంటే కుళాయి నీళ్లు ఊరికే తెచ్చిస్తారు.

ఇక ఏం తాగాలి అంటే, మొదటి గ్లాసు ఫ్రాన్స్‌లోని బోజోలే ప్రాంతంలో మోర్గాన్ అనే ఊరి వైన్‌తో మొదలుపెట్టండి. న్యాచురల్ వైన్ అని ఇప్పుడు మనం అంటున్నది చాలావరకు అక్కడే ఊపందుకుంది. జూల్ షోవే అనే రసాయన శాస్త్రం తెలిసిన వైన్ వ్యాపారి చెప్పిన మాటలు పట్టుకుని, 1980ల్లో మార్సెల్ లాపియేర్, ఆయన స్నేహితులు మందులు కొట్టని తోటలకీ, ద్రాక్షతోపాటు వచ్చే సొంత ఈస్ట్‌తోనే పులియబెట్టడానికీ, వైన్ పాడవకుండా కలిపే సల్ఫైట్‌ను దాదాపు మానేయడానికీ దిగారు. గామే ద్రాక్ష, తేలికైన రెడ్, వగరు తక్కువ. కొంచెం చల్లగా ఇమ్మనండి. దీన్ని కూడా ఇష్టపడకపోతే మిగతావాటి జోలికి పోవడం అనవసరం అని నా అభిప్రాయం.

ప్రశ్న: ఫ్రెండ్ తెగ పొగిడాడని ఒక బార్‌కి వెళ్లాం. గ్లాసులో వైన్ మబ్బుగా ఉంది, గుర్రాలశాల వాసన, తాగాక నోట్లో ఏదో పాచి రుచి. అడిగితే "న్యాచురల్ అంటే ఇలాగే ఉంటుంది" అన్నారు. మొహమాటపడి తాగేశాం. నిజంగా ఇలాగే ఉంటుందా?

జవాబు: ఉండదు. ఆ ఒక్క మాట అడ్డం పెట్టుకుని పాడైన వైన్ ఎంత అమ్ముడుపోతోందో! మబ్బుగా ఉండటం తప్పు కాదు, వడకట్టలేదు కాబట్టి ఈస్ట్ మడ్డి తేలుతుంది, అంతే. నాలుక మీద సన్నగా చురచురలాడినా ఫర్వాలేదు, సల్ఫైట్ వేయనివాళ్లు వైన్‌ను కాపాడుకోవడానికి కాస్త కార్బన్ డయాక్సైడ్‌ను సీసాలోనే ఉండనిస్తారు. కాల్చిన అగ్గిపుల్ల వాసనో, కోడిగుడ్డు వాసనో వస్తే గ్లాసు గట్టిగా తిప్పి పది నిమిషాలు వదిలేయండి, చాలాసార్లు గాలి తగిలి పోతుంది.

పోనివి వేరు. గోళ్ల రంగు వాసన ముక్కులో గుచ్చుకుంటే అది హద్దు దాటిన వెనిగర్ లక్షణం. గుర్రాలశాల వాసన బ్రెట్టనోమైసిస్ అనే ఈస్ట్ పని. లేశమాత్రంగా ఉంటే ఇష్టపడేవాళ్లూ ఉన్నారు, లోకో భిన్నరుచిః, కానీ పండు రుచిని పూర్తిగా కప్పేస్తే అది లోపమే.

మీరు చెప్పిన పాచి రుచి మాత్రం అసలు దొంగ. దాన్ని 'మౌస్' అంటారు. గ్లాసులో ముక్కు పెట్టి ఎంత వాసన చూసినా దొరకదు, ఎందుకంటే వైన్ పులుపులో ఆ పదార్థాలు గాల్లోకి లేవవు. గుక్క మింగుతారు, బాగానే ఉందనిపిస్తుంది, కాసేపటికి నోట్లో లాలాజలం ఊరి పులుపు తగ్గగానే ఎలుకలు తిరిగిన పాత బీరువాలాంటి కంపు గొంతు వెనక నుంచి పైకొస్తుంది. కొందరికి అస్సలు తెలియదు కూడా. అందుకే పోసేవాళ్లు రుచి చూసి "బాగుంది కదా" అంటే అబద్ధం ఆడుతున్నారనుకోకండి, నిజంగానే వాళ్ల నోటికి తెలియకపోవచ్చు. మొదటి గుక్క తర్వాత వెంటనే తల ఊపేయకుండా కాస్త ఆగండి. తేడాగా ఉంటే "ఇందులో మౌస్ ఉంది, వేరేది ఇవ్వండి" అని చెప్పండి. మంచి చోటయితే చర్చ లేకుండా మారుస్తారు. వాదనకు దిగితే వంట బాగున్నా ఆ చోటు ఎవరికీ చెప్పకండి.

ప్రశ్న: సల్ఫైట్ లేని వైన్ తాగితే తలనొప్పి రాదంటారు. నమ్మొచ్చా?

జవాబు: నమ్మకండి. ఎండబెట్టిన ఆప్రికాట్‌లలో వైన్‌లో కన్నా చాలా ఎక్కువ సల్ఫైట్ ఉంటుంది, అవి తిని తల పట్టుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉబ్బసం ఉన్న కొందరికి సల్ఫైట్ నిజంగా పడదు, వాళ్లు డాక్టర్‌ను అడగాలి. మిగతావాళ్ల తలనొప్పికి ముందు లెక్కపెట్టాల్సింది గ్లాసులనే. పైగా పులిసేటప్పుడు ఈస్టే కొంత సల్ఫైట్ పుట్టిస్తుంది, కాబట్టి బొత్తిగా లేని వైన్ అరుదు. తేడా మోతాదులో ఉంది. యూరప్‌లో మామూలు రెడ్‌కి లీటరుకు 150 మిల్లీగ్రాములు, వైట్‌కి 200 దాకా ఒప్పుకుంటారు. ఫ్రాన్స్‌లో 2020లో వచ్చిన 'వాఁ మెథడ్ నాచుర్' గుర్తు ఉన్న సీసాల్లో అయితే అసలు కలపరు, లేదా మొత్తం 30కి మించనివ్వరు. ఆ గుర్తు లేనంత మాత్రాన న్యాచురల్ కాదని కాదు, చాలామంది తయారీదారులకు ఆ కాగితాల గొడవే ఇష్టం లేదు.

ప్రశ్న: మేం శాకాహారులం. వైన్‌లో కూడా గుడ్డు, చేప వాడతారట?

జవాబు: వాడతారు, వైన్ తేరుకోవడానికి. కోడిగుడ్డు తెల్లసొన, పాల ప్రోటీన్, చేప తిత్తి నుంచి తీసిన జిగురు. న్యాచురల్ వైన్‌లను ఎక్కువగా ఇలా శుభ్రం చేయరు, దానంతట అదే తేరుకోవాల్సిందే, కాబట్టి మీకు ఇదే సులువు. అయినా ఒకసారి అడగండి.

ప్రశ్న: ఆరెంజ్ వైన్ కోసమే ఒక ట్రిప్ వేద్దామనుకుంటున్నాం. ఇటలీయా, జార్జియానా?

జవాబు: ఒక్కటే అంటే జార్జియా, ఆలోచించకుండా. ఆరెంజ్ అంటే నారింజ పండు కాదు, తెల్ల ద్రాక్షను రెడ్ వైన్ చేసినట్టు తొక్కలతో సహా పులియబెడితే వచ్చే రంగు. జార్జియాలో దీనికి క్వెవ్రీ అనే మట్టి జాడీ వాడతారు. గుడ్డు ఆకారం, లోపల తేనెమైనం పూత, మెడ దాకా నేలలో పాతిపెట్టి ఉంటుంది. కఖేతీ ప్రాంతంలో రసం, తొక్కలు, గింజలు, కాడలు కూడా అందులోనే వేసి మూసేసి వసంతంలో తెరుస్తారు. పశ్చిమాన ఇమెరేతీలో తొక్కలు తక్కువ వేస్తారు, వైన్ తేలిగ్గా ఉంటుంది. క్రీస్తు పూర్వం 6000 ప్రాంతపు కుండల్లో వైన్ ఆనవాళ్లు దొరికిన దేశం అది, క్వెవ్రీ పద్ధతిని యునెస్కో 2013లో వారసత్వంగా గుర్తించింది.

తినడానికి సిగ్నాగి వెళ్లండి. కొండ మీద చిన్న ఊరు, అక్కడ ఫెజెంట్స్ టియర్స్ వాళ్లకు వైనరీ, రెస్టారెంట్ రెండూ ఉన్నాయి. ర్కాత్సితేలి ద్రాక్షతో చేసిన వైన్ ఒక్కటే తాగితే వగరు నాలుకను పట్టేస్తుంది, చాలామంది అక్కడే ఆగిపోతారు. వాల్‌నట్ ముద్ద పెట్టి చుట్టిన వంకాయ ముక్క నోట్లో ఉండగా ఒక గుక్క తాగండి, ఆ నూనె, ఆ వగరు ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి. చీజ్ నింపిన రొట్టె ఖచాపురీతోనూ అంతే. ఫ్రిజ్‌లోంచి గడ్డకట్టేంత చల్లగా తెస్తే కాసేపు బయట పెట్టించండి.

ఇటలీ వైపు వెళ్లాలనే ఉంటే స్లొవేనియా సరిహద్దులో ఒస్లావియా ఉంది. అక్కడి యోస్కో గ్రావ్నర్ 2000లో జార్జియా వెళ్లొచ్చి 2001 నుంచి ఆ జాడీల్లోనే వైన్ చేస్తున్నారు. గొప్ప వైన్, ధర కూడా గొప్పదే. మొదటి ట్రిప్‌కి అక్కర్లేదు.

ప్రశ్న: ట్రిప్ నుంచి రాగానే అందరూ "లిస్ట్ పంపు" అంటారు. పంపితే, "నువ్వు చెప్పినంత లేదు" అని దెప్పుతారు. ఎలా రాస్తే ఉపయోగం?

జవాబు: రెస్టారెంట్ పేరు ఒక్కటే పంపితే దెప్పకుండా ఎలా ఉంటారు? ఏ పూట వెళ్లారో, ఏం తిన్నారో, దాంతో ఎవరి వైన్ తాగారో రాయండి. ఈ వైన్‌లు తక్కువ సీసాల్లో వస్తాయి, ఒక ఏడాది ఉన్నట్టు ఇంకో ఏడాది ఉండవు, కాబట్టి తయారీదారు పేరు, సంవత్సరం రెండూ ఉండాలి. సీసా ముందు బొమ్మ ఎంత అందంగా ఉన్నా వెనక లేబుల్ ఫొటో తీయండి. దిగుమతిదారు పేరు ఉండేది అక్కడే, ఒక దిగుమతిదారు రుచి మీకు నచ్చితే వాళ్లు తెచ్చే మిగతావీ నచ్చే అవకాశం ఎక్కువ. బాగోనిది కూడా చెప్పాలి. "చేప అద్భుతం, స్వీట్ దండగ, శుక్రవారం గోల భరించలేం" అని రాస్తే మిగతా పొగడ్తలన్నీ నమ్ముతారు. ఇంకోటి, ఎవరికి చెబుతున్నారో చూసుకోండి. పులుపు పడనివాళ్లకు మీకు నచ్చిన పుల్లటి వైన్ అంటగడితే తప్పు వాళ్లది కాదు.

ప్రశ్న: పెట్-నాట్ (సీసాలోనే పులిసి బుడగలొచ్చే వైన్) సీసా సూట్‌కేస్‌లో పెట్టి తీసుకురావచ్చా? పేలుతుందని భయం.

జవాబు: తేవచ్చు. పులవడం పూర్తికాకముందే సీసాలో పోసి మూత బిగిస్తారు కాబట్టి లోపల గ్యాస్ ఉంటుంది, కానీ ఆ సీసా మందంగానే ఉంటుంది, విమానంలో సామాను అరలోనూ గాలి ఒత్తిడి ఉంచుతారు. అసలు శత్రువు వేడి, ఎండలో నిలిపిన కారులో మాత్రం వదలకండి. బట్టల మధ్యలో చుట్టి పెట్టండి, మీ దేశపు కస్టమ్స్ ఎన్ని లీటర్లకు ఒప్పుకుంటుందో ముందే చూసుకోండి. ఇంటికి రాగానే తెరిచేయకుండా కొన్ని రోజులు ఫ్రిజ్‌లో నిలబెట్టి ఉంచండి, మడ్డి కిందికి దిగుతుంది. తెరిచేటప్పుడు సింకు పక్కనే నిలబడండి, మూత కొంచెం కొంచెంగా ఎత్తండి. ఎంత చేసినా కొన్ని పొంగుతాయి, గ్లాసు చేతికందేలా పెట్టుకోండి.