మొబిలైజేషన్ ఫైరింగ్‌కి ముందు మేనల్లుడికి

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి మేనల్లుడికి మీ మామయ్య ఆశీస్సులు.

నీ సాయుధ పోలీసు ప్లటూనులో సగం మంది తూటాలు టార్గెట్‌కే తగలడం లేదని, ఈసారి మొబిలైజేషన్‌లో (ఏటా అందరినీ పిలిచి ఇచ్చే పునశ్చరణ శిక్షణలో) ఫైరింగ్ నేర్పే పని నీ మీద పెట్టారని రాశావు. ఏం చేయాలో ఒక్క కాగితంలో చెప్పమన్నావు గానీ అంతలో తేలే సంగతి కాదు ఇది. ఓపిగ్గా చదువుకో.

ముందుగా, ఈ కుర్రాళ్లకి గురి రాదని ఎవరి దగ్గరా అనకు. వాళ్లకి ఎవరూ సరిగ్గా నేర్పలేదు. ఏడాదంతా వాళ్ల బతుకు దసరాకి ఇంద్రకీలాద్రి క్యూలైన్ల దగ్గర, వెలగపూడి సచివాలయం గేట్ల దగ్గర, వీఐపీ వస్తే హైవే పక్కన గడిచిపోతుంది. తుపాకీ భుజాన ఉంటుంది కానీ ట్రిగ్గర్ మీద వేలు పడేది ఏడాదికి ఒక్క పూట. ఆ ఒక్క పూట రేంజికి తోలుకెళ్లి, హడావిడిగా పది రౌండ్లు కాల్పించి, మార్కులు రాసి పంపేస్తే ఇక నేర్చుకునేదెప్పుడు? పైగా మీరు కాల్చాల్సి వస్తే బెజవాడ బీసెంట్ రోడ్డు లాంటి చోట జనంలో కాల్చాల్సి వస్తుంది. ఎస్ఎల్ఆర్ (సెల్ఫ్ లోడింగ్ రైఫిల్) తూటా అడ్డు లేకపోతే మూడు కిలోమీటర్లు దాటి పోగలదు. అది గురి తప్పితే ఎవరికి తగులుతుందో ఆలోచించు. అందుకే దీన్ని రికార్డు పనిగా చూడొద్దంటున్నాను.

నేర్పడమంతా రేంజికి వెళ్లకముందే, పరేడ్ గ్రౌండులో తూటా లేకుండా జరిగిపోవాలి. కనీసం పది రోజులు, రోజుకి నలభై నిమిషాలు అడుగు. కంపెనీ మొత్తాన్ని నిలబెట్టి లెక్చరు ఇస్తే ఎవరికీ ఏమీ ఎక్కదు. ఆరుగురికి ఒక హెడ్ కానిస్టేబుల్ చొప్పున పంచు. ఆ హెడ్ కానిస్టేబుళ్లకి ముందు నువ్వే రెండు రోజులు నేర్పు. చాలామంది ఇన్‌స్ట్రక్టర్లకి మాటలు వచ్చు, చూపించడం రాదు.

అంతకంటే ముందు ఒక పూట బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో (ఆయుధాలు దాచే గదిలో) ఆర్మరర్‌తో, అంటే తుపాకులు బాగుచేసే అతనితో, కూర్చో. పడుకున్న వాడి చెంప ఆనే తీరు, కంటికీ, రైఫిల్ మీద గురి చూసే సైట్‌కీ మధ్య దూరం ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటాయి గనుక ఒకరికి జీరో చేసిన (గురి చూసిన చోటే తూటా పడేలా సైట్లు సరిచేసిన) రైఫిల్ ఇంకొకరికి సరిగ్గా కుదరదు. చేతికందిన రైఫిల్ ఇచ్చి పంపడం వల్లే సగం స్కోర్లు పోతున్నాయి. ఒక్కొక్కరికీ ఒక్కో రైఫిల్ కేటాయించి, దాని బట్ (భుజానికి ఆనించే వెనక భాగం) మీది నంబరు రాసి పెట్టు. డ్రై ప్రాక్టీసుకీ (తూటా లేకుండా చేసే అభ్యాసానికీ) రేంజికీ అదే రైఫిల్ వెళ్లాలి. ఒక్కో రైఫిల్‌లో ముందు సైట్ కదులుతోందా, వెనక సైట్ స్క్రూలు వదులయ్యాయా, నాలి (తూటా బయటికి పోయే గొట్టం) చివర దెబ్బ తిన్నదా, మ్యాగజైన్ పెదవులు వంగాయా చూడండి. గ్యాస్ దారిలో మసి గట్టిపడితే బోల్టు పూర్తిగా వెనక్కి రాదు, ఖాళీ కేసు ఇరుక్కుంటుంది. గ్యాస్ రెగ్యులేటర్ సెట్టింగు ఆర్మరర్ చేతే చేయించు, జవాన్లని తిప్పనివ్వకు. ముందు సైట్ అరిగి తెల్లగా మెరుస్తుంటే కర్పూరం వెలిగించి ఆ పొగ పట్టించండి, నల్లగా మెరుపు లేకుండా అవుతుంది. ఖాళీ రైఫిల్‌కే, మందుగుండుకి దూరంగా సుమా. నాలి లోపల నూనె ఉంటే కాల్చే ముందు పుల్‌త్రూతో (నాలి తుడిచే తాడుతో) పొడి గుడ్డ లాగించు. నూనె నాలితో కాల్చిన మొదటి రౌండ్లు ఎక్కడికో పోతాయి, పాపం కాల్చినవాడు తనదే తప్పనుకుంటాడు.

ఇక డ్రై ప్రాక్టీసు. ఆ చుట్టుపక్కల ఒక్క తూటా కూడా ఉండకూడదు. చాంబర్ (తూటా కూర్చునే చోటు), మ్యాగజైన్ ఇద్దరు విడివిడిగా చూసి ఖాళీ అని చెప్పాకే మొదలుపెట్టాలి. మజ్బూత్ పకడ్, దురుస్త్ శిస్త్, దురుస్త్ ట్రిగ్గర్ ఆపరేషన్ (గట్టి పట్టు, సరైన గురి, సరైన ట్రిగ్గర్ నొక్కుడు) అని అందరూ పాఠంలా అప్పజెబుతారు. ఒంటితో చేసి చూపించమను, అప్పుడు తెలుస్తుంది ఎవరికి ఎంత వచ్చో. కమాండ్లు హిందీలో ఇవ్వు, వివరం మాత్రం శుభ్రంగా తెలుగులో చెప్పు.

పడుకునే పొజిషన్‌లో ఒళ్లు రైఫిల్ గీతకి కొంచెం ఎడమకి వాలాలి, కాళ్లు వెడల్పుగా, మడమలు నేలకి ఆని ఉండాలి. ఎడమ మోచెయ్యి వీలైనంత రైఫిల్ కిందకి రావాలి. అది పక్కకి పోతే బరువంతా కండ మీద పడి చెయ్యి వణుకుతుంది. బట్ భుజం గుంటలో కూర్చోవాలి. ఎముక మీద పెట్టుకున్నవాడికి రెండో రౌండుకే నొప్పి, మూడో రౌండుకి భయం. చెంప ప్రతిసారీ బట్ మీద ఒకే చోట ఆనాలి.

పొజిషన్ కుదిరాక కళ్లు మూసుకుని రెండుసార్లు ఊపిరి తీసి వదలమను. కళ్లు తెరిచినప్పుడు సైట్ టార్గెట్ మీద ఉందా? పక్కకి పోయి ఉంటే చేతులతో లాక్కోకూడదు. ఎడమ మోచెయ్యి అక్కడే ఉంచి నడుము, కాళ్లు జరపాలి. ఈ ఒక్కటీ ఎవరూ చేయించరు. చేతి బలంతో టార్గెట్ మీదకి తెచ్చుకున్న రైఫిల్ తూటా పేలే క్షణంలో తన చోటికి తాను పోతుంది. తూటా దాని వెంటే పోతుంది.

గురిలో అందరూ చేసే పొరపాటు టార్గెట్‌ని తేరిపార చూడటం. కన్ను ఒకేసారి రెండు దూరాల్ని స్పష్టంగా చూడలేదు. ముందు సైట్ మొన స్పష్టంగా కనపడాలి, టార్గెట్ కాస్త మసకగా ఉన్నా ఫర్వాలేదు. ఎందుకో లెక్కతో చెప్పు, మనసులో నిలుస్తుంది. రెండు సైట్ల మధ్య దూరం సుమారు అర మీటరు. మొన ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగితే 100 మీటర్ల దగ్గర తూటా సుమారు 20 సెంటీమీటర్లు తప్పుతుంది, 200 దగ్గర 40. టార్గెట్ మీద చూపు నాలుగు వేళ్లు అటూ ఇటూ అయితే తప్పు ఆ నాలుగు వేళ్లే.

ఊపిరి సగం వదిలి ఆపు అని కొందరు, నిండా పీల్చి ఆపు అని కొందరు చెబుతారు. మామూలుగా ఊపిరి వదిలాక ఒంటికి దానంతటదే వచ్చే చిన్న విరామం ఉంటుంది, కాల్చాల్సింది అక్కడ. ఎనిమిది, పది సెకన్లలో తూటా పోకపోతే వేలు తీసి మళ్లీ ఊపిరి పీల్చుకోవాలి. బిగబట్టుకుని ఉంటే కన్ను మసకబారుతుంది.

ట్రిగ్గర్ వేలు ఒక్కటే కదలాలి, మిగతా చెయ్యి కదలకూడదు. ఎస్ఎల్ఆర్‌కి మొదట వదులు లాగుడు ఉంటుంది. అది తీసుకున్నాక నర్సు సిరంజి నొక్కినట్టు ఒకే తీరున ఒత్తిడి పెంచుకుంటూ పోవాలి. ఎప్పుడు పేలుతుందో కాల్చేవాడికే కచ్చితంగా తెలియకపోవడం మంచిది. పేలాక కూడా ఒక సెకను వేలు వెనక్కే ఉంచి, సైట్ ఎక్కడుందో చూసి, ఆపైన వదలాలి.

దీనికి రూపాయి బిళ్ల అభ్యాసం పెట్టు. ఒకడు పడుకుని గురి చూస్తాడు, జతగాడు కాక్ చేసి నాలి మీద ముందు సైట్ వెనక బిళ్ల ఆనించి పెడతాడు. ట్రిగ్గర్ నొక్కినా బిళ్ల పడకూడదు. వరసగా పదిసార్లు పడకుండా చేసినవాడే రేంజి జాబితాలోకి. మొదటి రోజు ముగ్గురో నలుగురో చేస్తారు, కంగారు పడకు. వారం తిరిగేసరికి దాదాపు అందరూ చేస్తారు.

ఈ పది రోజుల్లోనే కళ్లూ చూసుకో. రెండు అరచేతులు ముందుకి చాచి, మధ్యలో చిన్న సందు వదిలి, దానిలోంచి దూరంగా ఒక వస్తువు చూడమని చెప్పు. ఒక్కో కన్ను మూస్తే ఏ కంటికి అది కనపడుతూనే ఉందో అదే బలమైన కన్ను. కుడిచేతి వాటం వాడికి ఎడమ కన్ను బలమైతే ఆ కన్ను మూసి కాల్చమను, లేదా ఎడమ భుజం నుంచి అలవాటు చేయించు. నలభై దాటిన హెడ్ కానిస్టేబుళ్లలో చాలామందికి ముందు సైట్ మసకేస్తుంది. సిగ్గుపడి చెప్పరు. నువ్వే అడిగి కంటి పరీక్షకి పంపు.

రేంజి రోజు తెల్లవారుజామునే బయల్దేరండి. మన రోహిణీ కార్తె ఎండలో తొమ్మిదిన్నర దాటితే నేల మీద ఆవిరి లేచి టార్గెట్ ఊగుతున్నట్టుంటుంది, చెమట కంట్లోకి కారుతుంది. తూటా పెట్టెలు నీడలోనే ఉంచు. చెయ్యి కాలేంత వేడెక్కిన తూటాకి ఒత్తిడి పెరిగి దెబ్బ పడే చోటు మారుతుంది. మజ్జిగ, నీళ్లు దండిగా పెట్టించు. చెవుల్లో ప్లగ్గులు లేకుండా ఎవరినీ లైనులోకి రానివ్వకు. రైఫిల్ చప్పుడు 140 డెసిబెల్స్ దాటుతుంది, చెవిని పాడుచేస్తుంది. ఆ చప్పుడుకే మనిషి ముందుగానే ఉలికిపడి కళ్లు మూస్తాడు.

ఎర్రజెండాలు, సెంట్రీలు, అంబులెన్సు నీకు చెప్పక్కర్లేదు. బట్ (రేంజిలో టార్గెట్ల వెనక ఉండే మట్టిగట్టు) వెనక మేకలు తోలుకొచ్చే వాళ్లు, సీసం ఏరుకునే పిల్లలు ఉంటారు. ప్రతి డీటెయిల్‌కీ (ఒకసారికి కాల్చే జట్టుకీ) ముందు సెంట్రీల నుంచి మాట తీసుకో.

లేన్లు పది ఉన్నా నీ దగ్గర మంచి కోచ్‌లు నలుగురే ఉంటే నలుగురినే పడుకోబెట్టు. కోచ్ టార్గెట్ వైపు చూడకూడదు, పక్కన పడుకుని కాల్చేవాడి కన్ను, వేలు, భుజం చూడాలి. రెప్ప ముందే పడిందా, భుజం ముందుకి తోసిందా అక్కడ తెలిసిపోతుంది.

మనిషికి ముప్పై రౌండ్లు వచ్చాయనుకో. ఐదు 25 మీటర్ల దగ్గర గ్రూపింగ్‌కి (తూటాలన్నీ ఒకే చోట దగ్గరగా పడేలా కాల్చడానికి), ఐదు 100 దగ్గర గ్రూపింగ్‌కి, ఐదు జీరోకి, పది ప్రాక్టీసుకి, చివరి ఐదు మార్కులకి. 25 దగ్గర ఎందుకంటే ప్రతి తూటా కాగితం మీద పడాలి. వాషౌట్ అయిన, అంటే టార్గెట్‌కి తగలకుండా పోయిన, తూటా ఎటు పోయిందో తెలియదు, కాబట్టి ఏమీ నేర్పదు. అక్కడ 4 సెంటీమీటర్లలో ఐదూ పడితే 100 దగ్గర 16 అవుతాయి, మొదటి మెట్టుకి అది చాలు. గ్రూపు కుదరకముందు సైట్ ముట్టుకోవద్దు. చెదిరిన గ్రూపుకి జీరో చేయడమంటే మనిషి తప్పుని రైఫిల్‌లో పెట్టడమే. గ్రూపు బిగువుగా ఉండి పక్కకో పైకో పడుతుంటేనే జీరో. ముందు సైట్‌ని తప్పు పడిన వైపుకే జరపాలి, వెనక సైట్‌ని దానికి ఎదురు వైపుకి. తూటాలు పైన పడుతుంటే ముందు సైట్ పైకెత్తాలన్నమాట.

కాగితాన్ని చదవడం హెడ్ కానిస్టేబుళ్లకి నేర్పు. నిలువుగా గీతలా పడితే ఊపిరి పట్టు లేదు, లేదా మోచెయ్యి జారుతోంది. అడ్డంగా పరుచుకుంటే రైఫిల్‌ని కండ బలంతో టార్గెట్ మీదకి లాక్కుంటున్నాడు. రెండు చిన్న గుంపులుగా పడితే మధ్యలో చెంప తీసి వేరే చోట పెట్టాడు. అంతటా చెదిరితే ఉలికిపాటు, లేదా ముందు సైట్ చూడటం లేదు, లేదా సైట్ వదులు. అనుమానంగా ఉంటే ఆ రైఫిల్‌తోనే నీ ప్లటూనులో బాగా కాల్చేవాడి చేత ఐదు రౌండ్లు కాల్పించు. అతని గ్రూపు కూడా చెదిరితే రైఫిల్ ఆర్మరర్ దగ్గరికి, బాగా పడితే మనిషి మళ్లీ రూపాయి బిళ్ల దగ్గరికి.

ఉలికిపాటుకి మందు ఒకటుంది. కోచ్ తానే లోడ్ చేసి ఇవ్వాలి. ఒకసారి తూటా పెట్టి, ఒకసారి చాంబర్ ఖాళీగా, ఏదో చెప్పకుండా. ఖాళీ అయినప్పుడు నాలి కిందకి దిగితే తన తప్పు తన కళ్లకే కనపడుతుంది, నువ్వు అరవాల్సిన పని లేదు. రేంజి ఇన్‌చార్జి అనుమతి తీసుకుని, ఒక్కొక్కడితో విడిగా చెయ్యి. ఖాళీ అయినా సరే నాలి బట్ వైపే ఉండాలి.

క్లిక్‌మని పేలకపోతే నాలి బట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగాలి, ఆ తర్వాతే బోల్టు లాగాలి. మందంగా టప్‌మని చప్పుడు వస్తే మాత్రం వెంటనే ఆపించు. తూటా నాలిలోనే ఇరుక్కుని ఉండొచ్చు, దాని వెనక ఇంకొకటి కాలిస్తే నాలి పగులుతుంది. ఎవడైనా చేతిలో రైఫిల్‌తో వెనక్కి తిరిగితే ఆ రోజుకి లైనులోంచి తీసెయ్యి, ఎంత బతిమాలినా మళ్లీ రానివ్వకు.

ఒక సంగతి మాత్రం నీ నుంచి మాటగా తీసుకోవాలనుంది. తప్పు కాల్చినవాడితో ఫ్రంట్ రోల్స్, కప్పగంతులు వేయించొద్దు. రొప్పుతూ, చేతులు వణుకుతూ వచ్చి పడుకున్నవాడు ఇంకా ఘోరంగా కాలుస్తాడు. తోటివాళ్ల ముందు పడ్డ అవమానం వాడికి రైఫిల్ పట్టుకున్నప్పుడల్లా గుర్తొస్తుంది. తిట్టకు, కాగితం చేతికిచ్చి ఎక్కడ పడ్డాయో చూపించి, ఒక్క తప్పు మాత్రమే చెప్పు. ఒకేసారి నాలుగు చెబితే ఏదీ దిద్దుకోలేడు.

మార్కింగ్ విషయంలో ఒత్తిడి వస్తుంది. బట్ పార్టీలో (టార్గెట్ల దగ్గర ఉండి దెబ్బలు లెక్కించే వాళ్లలో) పెన్సిలుతో కన్నాలు పొడిచి స్కోరు పెంచడం కొత్త సంగతేమీ కాదు. నువ్వు ఒప్పుకోకు. బట్ పార్టీని వేరే ప్లటూను నుంచి తీసుకో, కాగితాల మీద పేరు, బట్ నంబరు, తేదీ వేయించి దాచు. ఇచ్చిన రౌండ్లు, ఖాళీ కేసులు, మిగిలిన రౌండ్లు డీటెయిల్ డీటెయిల్‌కీ లెక్క కుదరాలి.

ఇంతా చేశాక కూడా ముగ్గురో నలుగురో మిగులుతారు. వాళ్ల పేర్లు ఉన్నదున్నట్టు మీ ఆర్ఐ (రిజర్వ్ ఇన్‌స్పెక్టర్) గారికి రాసివ్వు. మళ్లీ కాల్చి పాసయ్యేదాకా జనంలో ఆయుధం డ్యూటీ వేయొద్దని అడుగు. ఆయన కాదంటే అది ఆయన నిర్ణయం, నీ కాగితం మాత్రం ఫైల్లో ఉండాలి. ఆ నలుగురికీ మొబిలైజేషన్ అయ్యాక కూడా వారానికి రెండు పూటలు బిళ్ల అభ్యాసం సాగించు. ఆదివారం ఇటు వస్తే మొదటి గ్రూపింగ్ కాగితాలు పట్టుకురా, కూర్చుని చూద్దాం. అత్తయ్య నిన్ను అడిగానని చెప్పమంది.

ఇట్లు,
మీ మామయ్య