మీరట్ రైలెక్కు, ఆ పాత సెట్టు కొనకు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

సొంతంగా బ్యాండు పెడుతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పగానే ఛాతీ పొంగింది. ఆ వెంటనే, ఎవరిదో పాత ఇంగ్లాండు వాద్యాల సెట్టు చవకగా వస్తోందట, సగం అప్పు చేసి కొంటాడట అంది. దాంతో నాకు నిద్ర పట్టలేదు.

పిస్టన్లకు నూనె వేయడం, వాయించాక నీళ్లు వంచేయడం నీకు నేను చెప్పాలా? వదిలేస్తున్నాను.

పాత వాద్యం సంగతి మాత్రం విను. ఇంగ్లాండు బ్రాస్ బ్యాండ్లు 1960ల దాకా శ్రుతికి ఆధారమైన ‘ఏ’ స్వరాన్ని సెకనుకు 452 కంపనాల దగ్గర పెట్టుకునేవి. ఇప్పుడు మామూలుగా 440. తేడా దాదాపు అరస్వరంలో సగం. మా మేళంలో ఒకాయన అలాంటి కార్నెట్, అంటే ట్రంపెట్ లాంటి బూర, కొన్నాడు. శ్రుతి దించడానికి లాగే గొట్టం, అదే స్లైడు, ఎంత లాగినా మాతో కలవలేదు. చివరికి గొట్టానికి నాలుగు సెంటీమీటర్ల అతుకు వేయించాడు. లెక్క తప్పేమీ కాదు, పిస్టన్ నొక్కకుండా పలికే స్వరాలన్నీ చక్కగా కుదిరాయి. నొక్కినవే కుదరలేదు.

పిస్టన్ నొక్కితే గాలి పక్క గొట్టంలోకి మళ్లుతుంది కదా. ఆ పక్క గొట్టాలను అసలు గొట్టం పొడవును బట్టి కోస్తారు. మొదటిది నొక్కాక దారి అప్పటికే పొడుగైపోతుంది, దానికి మూడోదాని పొడవు చాలదు. అందుకే కొత్త ట్రంపెట్‌లో కూడా ఒకటీ మూడూ కలిపి నొక్కితే శ్రుతి పైకి పోతుంది. మూడో పిస్టన్ స్లైడుకు ఉంగరం పెట్టింది వేలితో బయటికి తోసి ఆ లోటు పూడ్చుకోవడానికే. ఆయనేమో అసలు గొట్టం పెంచి పక్క గొట్టాలను అలాగే ఉంచాడు. ఉన్న లోటు ఇంకా పెరిగింది. మూడు పిస్టన్లూ నొక్కే స్వరం వచ్చినప్పుడల్లా పెదవులు వదులు చేసి కిందికి దించేవాడు. పెళ్లిళ్ల సీజను ముగిసేసరికి పెదవి మాట వినడం మానేసింది. ఎంత మంచి వాయిద్యగాడని!

నీ పెదవుల గురించే నా భయమంతా. చిన్నప్పుడు నా బూర దొంగతనంగా ఊది మూతి వాచిపోతే మీ అమ్మ నన్ను తిట్టింది, గుర్తుందా? మొండివాడివి, అప్పుడూ ఇంతే.

మే నెల ఊరేగింపులో ఇంకో చిక్కు. గొట్టంలో గాలి ఒక డిగ్రీ వేడెక్కితే శబ్దవేగం సెకనుకు 0.6 మీటర్లు పెరుగుతుంది, శ్రుతి ఎక్కుతుంది. బండి మీది కీబోర్డు శ్రుతి ఎక్కదు. కాస్త దూరం నడిచాక మళ్లీ కలుపుకో. స్లైడుకు రెండు కాళ్లు, సెంటీమీటరు లాగితే గాలిదారి రెండు పెరుగుతుంది. కొద్దికొద్దిగా లాగు.

మీరట్‌లో బ్యాండు వాద్యాలు చేసే జలీ కోఠీకి వెళ్లు. నాలుగు వాద్యాలే కొను, కానీ కొత్తవి. బేరానికి ముందు ఒకటీ మూడూ నొక్కి నువ్వే ఊది చూడు. అప్పు మాట ఎత్తకు. అత్త దగ్గర కొంత డబ్బుంది, వచ్చి తీసుకెళ్లు. తిరిగి ఇవ్వడం గురించి తర్వాత పోట్లాడుకుందాం.