పెన్షన్ మానేస్తే మిగిలేది 150, మియాపూర్ ఫ్లాట్ వల్ల పోయేది 21,600

ప్రశ్న: మావారి ఉద్యోగం మీద ఎడిన్‌బరా వచ్చి నాలుగేళ్లు దాటింది. ఈ మధ్యే నాకు పక్కనున్న మిడ్‌లోథియన్ కౌన్సిల్‌లో (స్థానిక ప్రభుత్వ సంస్థలో) 47,000 పౌండ్ల జీతంతో ఉద్యోగం వచ్చింది. షాఫెయిర్ దగ్గర 2,70,000 పౌండ్లకు ఒక ఇల్లు చూశాం. డిపాజిట్ త్వరగా కూడాలంటే కౌన్సిల్ పెన్షన్‌లోంచి బయటికి రమ్మని తెలిసినవాళ్లు అంటున్నారు. రేపు ఇండియా వెళ్లిపోతే ఆ డబ్బు ఇక్కడే ఇరుక్కుపోతుందేమో అని కూడా భయం. మియాపూర్‌లో మావారి పేరున 85 లక్షల ఫ్లాట్ ఉంది. వచ్చినప్పటి నుంచీ అద్దెకే ఇచ్చాం.
– ఒక పాఠకురాలు, డాల్కీత్

జవాబు: పెన్షన్ వదలకండి. పేస్లిప్‌లో నెలకు దాదాపు 260 పౌండ్ల కోత కనబడుతుంది కానీ, మానేస్తే మీ చేతికొచ్చేది 150 మాత్రమే. స్కాట్లాండ్‌లో 43,662 పౌండ్లు దాటిన జీతం మీద ఇన్‌కంటాక్స్ 42 శాతం. అదే ఇంగ్లండ్‌లో అయితే 50,270 దాటేదాకా పై మెట్టు రాదు. పెన్షన్ కోతను టాక్స్ లెక్కించకముందే తీసేస్తారు కాబట్టి, మీ విషయంలో ఆ కోతంతా ఈ 42 శాతం మెట్టులోంచే తగ్గుతుంది.

అంటే ఏడాదికి మీ జేబులోంచి పోయేది సుమారు 1,800. బదులుగా ఏటా జీతంలో 49వ వంతు, అంటే 959 పౌండ్లు, మీ పెన్షన్‌కు జమ అవుతుంది. ఒక్క ఏడాది పనికి, పెన్షన్ వయసు నుంచి బతికున్నంతకాలం ఏటా 959, అదీ ధరలతోపాటు పెరుగుతూ. బయట ఏ కంపెనీ ఇవ్వదు ఇలాంటి బేరం. సర్వీసులో ఉండగా ఏమైనా జరిగితే మూడేళ్ల జీతం కుటుంబానికి వస్తుంది. నామినీ ఫారం నింపారా?

ఇండియా భయానికి సమాధానం: రెండేళ్లలోపు మానేస్తే మీరు కట్టింది టాక్స్ పట్టుకుని తిరిగి ఇచ్చేస్తారు. రెండేళ్లు దాటితే పెన్షన్ మీ పేరునే ఉండి ద్రవ్యోల్బణంతో పెరుగుతుంది, హైదరాబాద్‌లో కూర్చునీ తీసుకోవచ్చు. చేతిలో డబ్బు మరీ కటకటగా ఉంటే 50/50 అని ఒక వెసులుబాటుంది: సగం కట్టి, సగం పెన్షన్ కూడబెట్టుకోవచ్చు. మరణ బీమా మాత్రం పూర్తిగానే ఉంటుంది.

మీరడగని విషయానికే అసలు ఖర్చు. స్కాట్లాండ్‌లో రెండో ఇల్లు కొంటే అదనపు పన్ను, ఏడీఎస్, ఉంది. 2024 డిసెంబరు నుంచి అది 8 శాతం, మొత్తం ధర మీద. ప్రపంచంలో ఎక్కడున్నా సరే, 40,000 పౌండ్లు పైబడిన ఇల్లుంటే అది లెక్కలోకి వస్తుంది. భార్యాభర్తలను ఒకటిగానే చూస్తారు, అందుకని కొత్త ఇల్లు మీ ఒక్కరి పేరున కొన్నా తప్పించుకోలేరు. (ఖాళీ ప్లాటు, పొలం అయితే ఈ బాధ లేదు.) 2,70,000 మీద 21,600 పౌండ్లు. మామూలు కొనుగోలు పన్ను 3,100 వేరే. పెన్షన్ మాని నెలకు 150 దాచుకుంటే ఆ 21,600 కూడడానికి పన్నెండేళ్లు!

కొనేముందే ఫ్లాట్ అమ్మితే ఏడీఎస్ పడదు. కొనేముందు మూడేళ్లలో కాపురమున్న పాత ఇల్లు, కొన్నాక మూడేళ్లలోపు అమ్మితే మినహాయింపు ఉంది గానీ, ఆ ఫ్లాట్‌లో మీ కాపురం ముగిసి నాలుగేళ్లు దాటింది, కాబట్టి మీకు వర్తించదు. అమ్మేటప్పుడు మీవారు ఎన్నారై కనుక, లోయర్ డిడక్షన్ సర్టిఫికెట్ (తక్కువ పన్ను పట్టమనే పత్రం) ముందే తీసుకోకపోతే కొనేవాళ్లు మొత్తం ధర మీద టీడీఎస్ పట్టేస్తారు, అని మీవారికి చెప్పండి. లాభాన్ని యూకే రిటర్నులోనూ చూపాలి. అమ్మడం ఇష్టం లేకపోతే 21,600 కలుపుకునే బడ్జెట్ వేసుకోండి, లేదా ఇంకొన్నాళ్లు అద్దెకే ఉండండి. నా ఓటు అమ్మకానికే.

తొందర కూడా వద్దు. 2011, 2022 జనాభా లెక్కల మధ్య మిడ్‌లోథియన్ 16 శాతం పెరిగింది, స్కాట్లాండ్‌లోకెల్లా అదే ఎక్కువ. షాఫెయిర్‌లోనే కాదు, గోర్‌బ్రిడ్జ్ వైపు కూడా రైలు లైను వెంట ఇళ్లు లేస్తూనే ఉన్నాయి. ఈ ఇల్లు కాకపోతే ఇంకొకటి. ఆఫర్ పెట్టకముందే సొలిసిటర్‌కు (మీ లాయరుకు) ఫ్లాట్ సంగతి చెప్పండి. ఇరువైపులా సొలిసిటర్ల ఉత్తరాలు ఖరారయ్యాక, అంటే ఒప్పందం కుదిరాక, వెనక్కి తగ్గితే నష్టపరిహారం కట్టాల్సి వస్తుంది.